విచారణలో సామాజిక న్యాయ బృందాన్ని ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి

క్రిస్మస్‌కు చీరలు, ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో బియ్యం, ఎండాకాలంలో చలివేంద్రం. మన విచారణల్లో (పారిష్‌లలో) పేదల సేవ చాలావరకు ఈ మూడింటితో ఆగిపోతుంది. ఇవి చేయకూడని పనులని నేను అనడం లేదు; పునీత విన్సెంట్ డి పౌల్ సభవారు ఇంటింటికీ తిరిగి కూడగట్టిన బియ్యంతో పొయ్యి వెలిగిన ఇళ్లను నేను చూశాను. అయితే ఏటా అదే ఇంటికి అదే సంచి ఎందుకు మోయవలసి వస్తోందని అడగడం మొదలుపెట్టిన రోజునే మనం దానం దగ్గరనుంచి న్యాయం దగ్గరికి కదులుతాం. ఆ ఇంటి పెద్దావిడకు పింఛను ఎందుకు రావడం లేదు, ఆమె కొడుకు కూలి ఎవరు ఎగ్గొట్టారు, వాళ్ల ఇంటి స్థలానికి పట్టా ఎందుకు లేదు అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆమె పక్కన నిలబడే పదిమందిని తయారుచేయడం ఎలాగో ఇక్కడ చెబుతాను. తెలుగు రాష్ట్రాల్లోని ఒక మామూలు కతోలిక విచారణను, అంటే ఒక ప్రధాన దేవాలయం, దాని కిందికి వచ్చే, చుట్టూ ఉన్న ఏడెనిమిది సబ్‌స్టేషన్ గ్రామాలు, ఒక ఫాదర్‌గారు, ఇద్దరు ముగ్గురు సిస్టర్లు, ఊరికొక ఉపదేశి (ఊళ్లో ప్రార్థనలు నడిపి, విశ్వాసం బోధించే వ్యక్తి) ఉన్న విచారణను మనసులో పెట్టుకొని రాస్తున్నాను.

"గుడిలో రాజకీయాలు దేనికండీ?"

బృందం మాట ఎత్తగానే సలహా సంఘంలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. వారి మీద విసుక్కోవద్దు. ఊళ్లో పార్టీల గొడవలు గుడిదాకా వచ్చి చేసిన నష్టాన్ని చూసినవారే ఎక్కువగా అలా అడుగుతారు. నెమ్మదిగా జవాబు చెప్పండి.

కూలివాడికి అతని కుటుంబం గడిచేంత వేతనం ఇవ్వడం దయ కాదు, న్యాయం అనీ, కార్మికులు సంఘం పెట్టుకోవడం వారి హక్కు అనీ 13వ లియో జగద్గురువులు (పోపు) 1891 మే 15న 'రేరుమ్ నోవారుమ్' విశ్వలేఖలో, అంటే కతోలికులందరికీ రాసిన లేఖలో, చెప్పారు. 2025లో ఎన్నికైన జగద్గురువులు తాను లియో అనే పేరు ఎంచుకోవడానికి ఆ విశ్వలేఖే ముఖ్య కారణమని కార్డినళ్లతో స్వయంగా అన్నారు. అంతకంటే ఎంతో ముందే, పొలం కోసిన కూలీలకు ఇవ్వకుండా పట్టి ఉంచిన కూలి మొర పెడుతోందని, ఆ మొర ప్రభువు చెవిన పడిందని యాకోబు లేఖ 5వ అధ్యాయం నాలుగో వచనం హెచ్చరించింది. ఆ వచనం మన గుళ్లలో చదవడం వింటూనే ఉన్నాం. దాన్ని మన ఊరి వరికోతల లెక్కలతో కలిపి చదవడమే మిగిలింది.

అలాగే హద్దు కూడా స్పష్టంగా చెప్పండి. రాజకీయ పార్టీల్లోను, కార్మిక సంఘాల నాయకత్వంలోను గురువులు (ఫాదర్లు) క్రియాశీలంగా పాల్గొనకూడదని, శ్రీసభ (చర్చి) హక్కుల పరిరక్షణకో ప్రజాశ్రేయస్సుకో అవసరమని శ్రీసభ అధికారులు భావిస్తే తప్ప ఆ నియమాన్ని సడలించకూడదని 1983 నాటి శ్రీసభ చట్టం 287వ సూత్రం చెబుతోంది. గృహస్థ విశ్వాసులకు ఆ నిషేధం లేదు. ఎవరికి నచ్చిన పార్టీలో వారు ఉండవచ్చు. కానీ బృందం పేరుతో ఏ పార్టీ జెండా పట్టకూడదన్న నియమాన్ని మొదటి సమావేశంలోనే రాసుకొని, అందరూ సంతకాలు పెట్టండి. ఎన్నికల ఏడాదిలో ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

బెల్జియం దేశపు గురువు జోసెఫ్ కార్డైన్ యువ కార్మికులకు నేర్పిన మూడు మాటలు 'చూడు, విచారించు, చేయి'. 23వ యోవాను జగద్గురువులు 1961లో 'మాతెర్ ఎత్ మజిస్త్రా' విశ్వలేఖలో ఈ పద్ధతినే సిఫారసు చేశారు. మన భాషలో పారిష్‌ను 'విచారణ' అనే పిలుస్తాం కదా. మనుషుల మంచిచెడ్డలు విచారించడం ఆ మాటలోనే ఉంది. ఆ పేరుకు తగ్గట్టు నడుచుకుంటే చాలు.

మనుషుల ఎంపిక

ఏడుగురికి తగ్గకుండా, పదిమందికి మించకుండా చూసుకోండి. సలహా సంఘంలో ముందు వరుసలో కూర్చునేవారినే ఇందులోకీ తీసుకుంటే అది మరో ఉత్సవ కమిటీ అవుతుంది. సగం మంది స్త్రీలు ఉండాలి. వారిలో కనీసం ఇద్దరు కూలికి వెళ్లేవారో, ఇళ్లలో పనిచేసేవారో కావాలి, ఎందుకంటే ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో, దాన్ని ఆ ఇంటివాళ్లు ఎందుకు బయటికి చెప్పడం లేదో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. ఒక రిటైర్డ్ టీచరు అర్జీలు రాయడానికి, ఒక ఆశా కార్యకర్తో ఏఎన్ఎమ్మో ఆరోగ్య విషయాలకు, ఫోనులో అర్జీ స్థితి చూడగల ఇద్దరు యువతీయువకులు, అప్పుడప్పుడు సలహా చెప్పడానికి ఒక వకీలు ఉంటే బృందం నిండుగా ఉంటుంది. వకీలు కతోలికుడే కావాలన్న పట్టింపు పెట్టుకోవద్దు.

ఫాదర్‌గారికి తెలియకుండా ఏదీ మొదలుపెట్టవద్దు. ముందు ఆయనతో ఒంటరిగా కూర్చొని మాట్లాడండి, తర్వాత సలహా సంఘంలో తీర్మానం చేయించి మినిట్స్ పుస్తకంలో రాయించండి. గురువులు నాలుగైదేళ్లకు బదిలీ అవుతుంటారు. మాట మీద మొదలైన పని మాటతోనే పోతుంది, పుస్తకంలో ఉన్నది కొత్తగా వచ్చిన ఫాదర్‌గారి ముందుకు వస్తుంది. తీర్మానం కాపీ ఒకటి మేత్రాసనం (బిషప్‌గారి పరిధి, డయోసీస్) సోషల్ సర్వీస్ సొసైటీ డైరెక్టరుగారికి పంపండి. మన మేత్రాసనాల్లో ఇలాంటి సొసైటీలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి, దేశస్థాయిలో 1962లో మొదలైన కారితాస్ ఇండియా ఉంది. వారి శిక్షణలకు మీ బృందం నుంచి ఏటా ఇద్దరినైనా పంపించండి.

వేపచెట్టు కింద బల్ల

ఆదివారం పూజ అయ్యాక గుడి ఆవరణలో ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక రిజిస్టరు పెట్టండి. ఇంటింటి సర్వే ఫారాలు, గ్రాఫులు ఇప్పుడే అక్కరలేదు. గంటసేపు కూర్చొని, వచ్చినవారు చెప్పేది వినండి. మొదటి రెండు మూడు వారాలు ఎవరూ రాకపోవచ్చు. నాలుగో వారం ఒకరు వస్తారు, అదీ తన సంగతి కాదు, పక్కింటివాళ్ల సంగతి అంటూ మొదలుపెడతారు.

మా దగ్గరికి అలా వచ్చిన మొదటి మనిషి అరవై ఏళ్ల వితంతువు. ప్లాస్టిక్ కవర్లో నాలుగుసార్లు మడిచిన కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. భర్త చనిపోయి మూడేళ్లయినా వితంతు పింఛను మంజూరు కాలేదు. ఎందుకో ఆవిడకు ఎవరూ చెప్పలేదు, "పై నుంచి రాలేదు" అన్న ఒక్క మాట తప్ప. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే కారణం కనబడింది. ఆధార్‌లో, రేషన్ కార్డులో భర్త పేరు వెంకటేశ్వర్లు. మరణ ధ్రువపత్రంలో జోజి. ఆయనకు జ్ఞానస్నానంలో పెట్టిన పేరు జోజి, బళ్లో వేసిన పేరు వెంకటేశ్వర్లు. పేటలో అందరూ పిలిచింది జోజి అనే గనక కొడుకు పంచాయతీలో అదే రాయించాడు. ప్రభుత్వం లెక్కలో జోజి చనిపోయాడు, వెంకటేశ్వర్లు బతికే ఉన్నాడు, ఆవిడ వితంతువు కాదు.

మన పల్లెల్లో గుడి పేరు ఒకటి, రికార్డు పేరు ఒకటి ఉన్నవారు ఎంతమందో మీకు తెలియనిది కాదు. అందుకే దీని పరిష్కారాన్ని కాస్త వివరంగా చెబుతున్నాను. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద తప్పుపడిన వివరాలను సరిచేసే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. అందుకు దరఖాస్తుతో పాటు, విషయం తెలిసిన ఇద్దరు నమ్మదగిన వ్యక్తుల వాంగ్మూలం కావాలి. ఆ ఇద్దరు సాక్షులుగా ఉపదేశిగారు, పక్కింటాయన వచ్చారు. సమాధి రిజిస్టరు నకలును, జోజి, వెంకటేశ్వర్లు ఒకరేనని విచారణ గురువు రాసిచ్చిన లేఖను అదనపు ఆధారాలుగా జతచేశాం. పంచాయతీ కార్యదర్శి దగ్గరికి ఐదుసార్లు, మండలానికి రెండుసార్లు తిరిగాక, నాలుగు నెలలకు సవరణ జరిగింది. పింఛను తర్వాతి విడతలో వచ్చింది. ఐదోసారి వెళ్లినప్పుడు మాట్లాడింది మేము కాదు, ఆవిడే. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

రిజిస్టరులో పేరు, ఊరు, సమస్య, తేదీ, తర్వాత ఏం చేయాలి, ఎవరు చేయాలి అన్న గడులు చాలు. మతం గడి, కులం గడి వద్దు. ముందుగా, మీ బల్ల దగ్గరికి హిందువులు, ముస్లింలు కూడా రావాలి, వస్తారు. వారి సమస్య రాసుకునే చోట మతం అడిగితే ఈ పని ఎందుకు చేస్తున్నారని అనుమానించడానికి మీరే దారి ఇచ్చినట్టవుతుంది. సాయం చేసే బల్ల మీద కరపత్రాలు, జపమాలలు పెట్టకండి. ఇక రెండో కారణం మరింత సున్నితమైనది, కిందకు వెళ్లాక చెబుతాను.

కలెక్టరేట్‌కు వెళ్లే ముందు మన గడప

ఈ భాగాన్ని దాటవేయాలని చాలామందికి అనిపిస్తుంది. దాటవేయకండి. విచారణ ఆవరణలో పనిచేసేవారికి న్యాయం జరగకుండా బయటి యజమానిని ప్రశ్నించే నోరు మనకు ఉండదు.

ఫాదర్‌గారి అనుమతితో ఒక కాగితం మీద ఆవరణలో పనిచేసే ప్రతి మనిషి పేరు రాయండి: వంటమనిషి, ఊడ్చే ఆమె, వాచ్‌మన్, ఉపదేశులు, బడి ఉంటే టీచర్లు, ఆయాలు, బస్సు డ్రైవర్లు. ప్రతి పేరు ఎదురుగా జీతం ఎంత, కనీస వేతనం ఎంత, వారపు సెలవు ఉందా అన్నది రాయండి. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థకు ఈఎస్ఐ, ఇరవైమంది, అంతకంటే ఎక్కువ ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. పదిమంది ఉన్నచోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. మనది సేవాసంస్థ, లాభాపేక్ష లేనిది అన్న మాట ఈ బాధ్యతల నుంచి తప్పించదు. తేడా కనిపిస్తే ఆదివారం పూజలో ప్రకటించి ఎవరినీ చిన్నబుచ్చకండి. ఆర్థిక సంఘంలో పెట్టి, ఎన్ని నెలల్లో సరిచేస్తారో తేదీతో రాయించండి. కానుకల్లో వచ్చే డబ్బు చాలదంటే పండుగ లైటింగ్ ఖర్చు పక్కన జీతాల లెక్క పెట్టి చూపించండి.

సెప్టిక్ ట్యాంకు సంగతి వేరుగా చెప్పాలి. గుడిదైనా, బడిదైనా, హాస్టల్‌దైనా, రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా ట్యాంకులోకి మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలా దిగి చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. యంత్రం వచ్చేదాకా ఆగలేమన్న తొందరలోనే మనుషులు చనిపోతున్నారు. ఈ నియమాన్ని బడి ఆఫీసు గోడ మీద రాయించండి.

పిల్లల రక్షణ విషయంలో రాజీ అన్న మాటే ఉండకూడదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. నిందితుడు గురువైనా, ఉపదేశి అయినా, దాత అయినా ఇదే నియమం. ముందు పెద్దల్లో మాట్లాడుకుందాం అనేవారి మాట వినకండి. 1098 నంబరును ప్రతి తరగతి గదిలో పిల్లలకు కనిపించేలా పెట్టించండి.

ఇక కులం. గుంటూరు ప్రాంతంలోను, రాయలసీమలోను 18వ శతాబ్దపు కర్ణాటక మిషన్ నాటి నుంచి కతోలికులుగా ఉన్న రైతు కులాల కుటుంబాలున్నాయి. ఆ తర్వాతి తరాల్లో పెద్ద సంఖ్యలో శ్రీసభలోకి వచ్చిన మాల, మాదిగ కుటుంబాలున్నాయి. ఒకే దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే వీరికి కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు ఇప్పటికీ వేరు. పండుగనాడు తేరు ఏ వీధుల్లో తిరుగుతుందో, ఏ వీధి మొగదల వెనక్కి మళ్లుతుందో ఒకసారి మీ ఊళ్లో గమనించండి. తేరు మోసేది ఎవరు, పండుగ పెద్దలుగా శాలువాలు కప్పించుకునేది ఎవరు, శుభ్రం చేసేది ఎవరు? కులవివక్ష ఘోరమైన సామాజిక పాపమని భారత కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. దేశంలోని 1 కోటి 90 లక్షల మంది కతోలికుల్లో 1 కోటి 20 లక్షల మంది దళితులేనని కూడా అందులో చెప్పింది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడిగా ఆయనను చూసి మన పేటల్లో కన్నీళ్లు పెట్టుకున్నవారున్నారు. ఆ సంతోషం ఊరి తేరు దాకా రావాలి. మీ బృందం తేరు దారి మార్పును పండుగకు ఆరు నెలల ముందే సలహా సంఘంలో పెట్టాలి. నవదిన ప్రార్థనలు మొదలయ్యాక పెడితే గొడవ తప్ప ఫలితం ఉండదు.

ఒకే ఒక్క సమస్య

రెండు నెలలు విన్నాక రిజిస్టరులో ముప్పై సమస్యలు ఉంటాయి. విడివిడి అర్జీల పని ఎలాగూ సాగుతుంది. బృందంగా మాత్రం ఏడాదికి ఒక్కటే పట్టుకోండి. అది చాలామందిని తాకేదై ఉండాలి, చట్టంలో దానికి ఆధారం ఉండాలి, బాధితులే ముందుకు రావడానికి సిద్ధంగా ఉండాలి. ఈ మూడోది లేకపోతే మిగతా రెండు ఉన్నా మొదలుపెట్టవద్దు.

ఏది ఎంచుకోవాలన్నది మీ ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. గోదావరి జిల్లాల్లోను, కడప ప్రాంతంలోను కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవారి సమస్య ముందుంటుంది. అక్కడ ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులోని రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో ప్రయాణానికి ముందే చూసిపెట్టడం ఒక్కటే ఎందరినో కాపాడుతుంది. హైదరాబాదు విచారణల్లో అపార్ట్‌మెంట్లలో పనిచేసే స్త్రీల జీతాలు, సెలవులు ముఖ్యం. సిస్టర్ జాన్ దెవోస్ అనే మఠకన్య 1985లో మొదలుపెట్టిన జాతీయ గృహకార్మికుల ఉద్యమం అనుభవం మీకు దారి చూపుతుంది. పల్లెల్లో అయితే చాలాచోట్ల సమాధుల తోట, దానికి వెళ్లే దారి. ఉదాహరణకు దాన్నే తీసుకొని పని ఎలా నడపాలో చెబుతాను.

కాగితం పని

మొదట స్థలం ఎవరి పేరున ఉందో తేల్చండి. సర్వే నంబరు పట్టుకొని ఆంధ్రప్రదేశ్‌లో మీభూమిలోను, తెలంగాణలో భూభారతిలోను (ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్లు) చూడండి. అడంగల్ నకలు, ఆ సర్వే నంబరు పటం తీయించండి. అది శ్మశాన పోరంబోకుగా ఉందా, విచారణ పేరున ఉందా, ఎవరో దాత నోటిమాట మీద ఇచ్చిందా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ఆక్రమణ ఉందని అనుమానం వస్తే సర్వే కోసం దరఖాస్తు చేసి, సర్వేయరు కొలిచే రోజున ఊరి పెద్దలను, పక్క పొలం రైతును కూడా పిలవండి. ఆ రైతు శత్రువు కాడు. గట్టు ఎక్కడో అతనికీ తెలియకపోవచ్చు.

కాగితాలు దొరక్కపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు; దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఏమీ కట్టనవసరం లేదు. దరఖాస్తులో కోపం, ఆరోపణ, ఉపన్యాసం ఉండకూడదు. "ఫలానా గ్రామం ఫలానా సర్వే నంబరు అడంగల్ నకలు, పటం నకలు ఇప్పించగలరు" అని నంబర్లు వేసి మూడు నాలుగు అంశాలు అడిగితే చాలు. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, వచ్చినది సరిగా లేకపోతే, మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు. ఈ తేదీలను రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసుకోండి. అర్జీలు ఓడిపోయేది ఎక్కువగా వాదనలో కాదు, గడువు మరిచిపోవడంలో.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ మూడు కాపీలు రాయండి, ఒకదాని మీద ముద్ర, సంతకం, నంబరు వేయించుకొని తెచ్చుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. వెళ్లేటప్పుడు యాభైమందితో వెళ్లవద్దు. బాధిత కుటుంబాల నుంచి ముగ్గురు, బృందం నుంచి ఒకరు చాలు. ఆ ఒకరు వెనక నిలబడాలి. అధికారి ప్రశ్న అడిగినప్పుడు తడబడినా సరే బాధితులనే మాట్లాడనివ్వండి. ముందురోజు సాయంత్రం గుడి వరండాలో ఒకరు అధికారిగా కూర్చొని రెండుసార్లు సాధన చేయించండి. పైన చెప్పిన ఆ వితంతువు ఐదోసారి కార్యాలయంలో "అయ్యా, జోజీ వెంకటేశ్వర్లూ ఒకడే, వాడు నా మొగుడు, నాకు తెలియదా?" అన్నప్పుడు గదిలో ఉన్న గుమాస్తా తలెత్తి మొదటిసారి ఆమె మొహం చూశాడు. మేము నాలుగుసార్లు తీసుకువెళ్లిన లేఖలకు రాని కదలిక ఆ మాటకు వచ్చింది.

కోర్టుకు వెళ్లవలసి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి. 1987 చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

దళిత క్రైస్తవుల హోదా గురించి మాట్లాడేటప్పుడు

రిజిస్టరులో మతం గడి వద్దన్న రెండో కారణం ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద, ఒక శాతం రిజర్వేషన్‌తో ఉంచారు. ఎస్టీ హోదాకు మాత్రం మతంతో సంబంధం లేదు. 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్ నడుస్తోంది. మతం అడ్డు లేకుండా హోదా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా ఉన్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని తీర్పు ఇచ్చింది.

అందువల్ల ఒక కుటుంబానికి ఏ ధ్రువపత్రం ఉందన్నది వారి పిల్లల చదువులనూ, ఉద్యోగాలనూ తాకే విషయం. ఎవరి వివరాలూ అనుమతి లేకుండా రాయవద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు, ఎవరినీ పత్రికల ముందు నిలబెట్టవద్దు. వ్యక్తిగత కేసుల్లో వకీలు చెప్పకముందు సలహా ఇవ్వవద్దు. బహిరంగంగా చేయగలిగింది ఉంది: ఆగస్టు 10న, ఆ ఉత్తర్వు వచ్చిన రోజున, ఏటా జరిగే నిరసన దినాన్ని మీ విచారణలో పాటించండి. నవంబరు రెండో ఆదివారం దళిత విమోచన ఆదివారంగా జరుగుతుంది. ఆనాటి విశ్వాసుల ప్రార్థనలను పేటలోని యువతతోనే రాయించండి.

డబ్బు

బృందానికి పెద్ద డబ్బు అక్కరలేదు. బస్సు చార్జీలు, జిరాక్సులు, పోస్టల్ ఆర్డర్లు, కూలి పోగొట్టుకొని మండలానికి వచ్చినవారికి ఆ రోజు భోజనం. నెలకు ఒక ఆదివారం చిన్న డబ్బా పెట్టి, వచ్చినదీ అయినదీ మరుసటి నెల నోటీసు బోర్డులో అతికించండి. విదేశాల్లో ఉన్న మన ఊరివారు పంపుతామంటే తొందరపడవద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్టరైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతా ద్వారానే విదేశీ విరాళం తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత దాన్ని మరో సంస్థకు బదలాయించడం కూడా కుదరదు. ఎవరో ఒకరి సొంత ఖాతాలో వేయించుకుందామన్న సలహా ఎంత మంచి మనిషి ఇచ్చినా ఒప్పుకోవద్దు. మేత్రాసనం డబ్బు లెక్కలు చూసే ప్రొక్యురేటరుగారిని అడగండి.

ప్రమాదం ఎదురైతే

ఎవరి ఆదాయానికో అడ్డు రాకుండా న్యాయం జరగదు. మధ్యప్రదేశ్‌లో భూమిలేని కూలీలకు బ్యాంకు రుణాలు ఇప్పించి వడ్డీవ్యాపారుల పట్టు సడలించిన సిస్టర్ రాణి మరియను 1995 ఫిబ్రవరి 25న బస్సు ప్రయాణంలో పొడిచి చంపారు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో శ్రీసభ ఆమెను ధన్యురాలిగా ప్రకటించింది. జార్ఖండ్‌లో కోర్టు విచారణ పూర్తికాకుండానే జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ యువకుల కోసం పనిచేసిన యేసు సభ (జెస్యూట్) గురువు స్టాన్ స్వామిగారు 2020 అక్టోబరులో అరెస్టయి, బెయిలు రాకుండానే 2021 జులై 5న, 84 ఏళ్ల వయసులో ముంబైలో కన్నుమూశారు. పార్కిన్సన్స్‌తో చేతులు వణికే ఆయన నీళ్లు తాగడానికి ఒక సిప్పర్ కప్పు కోసం జైలునుంచి అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. వీరిని తలచుకోమని చెబుతున్నది ధైర్యం కోసం, తెగింపు కోసం కాదు. మీ బృందంలో ఉన్నవారికి సంసారాలున్నాయి.

కాబట్టి జాగ్రత్తలు పాటించండి. బెదిరింపు వస్తే అదే రోజు తేదీ, సమయం, అన్న మాటలు రాసిపెట్టి ఫాదర్‌గారికి, వకీలుకు చెప్పండి. పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఒంటరిగా ఎవరినీ పంపవద్దు, ముఖ్యంగా స్త్రీలను చీకటి పడ్డాక. ముఖ్యమైన కాగితాల రెండో సెట్టు సిస్టర్ల మఠంలోనో, సోషల్ సర్వీస్ సొసైటీలోనో ఉంచండి. బాధితులు వెనక్కి తగ్గుతామంటే వారిని నిందించకండి. ఆ ఊళ్లో రేపు కూడా బతకవలసింది వారే.

ప్రతి నెలా ఒకసారి బృందం కూర్చున్నప్పుడు సువార్త భాగం ఒకటి చదివి, పది నిమిషాలు మౌనంగా ఉండి, తర్వాత రిజిస్టరు తెరవండి. ఒక్కొక్క పేరు చదవండి. ఏ పేరు ఎదుటైనా రెండు నెలలుగా కొత్త వాక్యం చేరకపోతే, ఆ వారమే ఇద్దరు ఆ ఇంటికి వెళ్లాలి. పని పూర్తయిన పేరు పక్కన బృందం సభ్యులు సంతకం పెట్టవద్దు. ఆ మనిషిని పిలిచి, తనకు రావలసినది వచ్చిందో లేదో అడిగి, సంతకమో వేలిముద్రో ఆ మనిషితోనే పెట్టించండి. మా రిజిస్టరు మొదటి పేజీలో అలాంటి వేలిముద్ర ఒకటుంది. దాని పక్కన ఎవరు ఎవరో మళ్లీ తేడా రాకుండా మా టీచరుగారు గుండ్రటి అక్షరాలతో రాశారు: "జోజి అనబడే వెంకటేశ్వర్లు భార్య."